అలికిన కల్లం మీద అడుగులు

జయపాల్ మంచివాడే. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే మనిషి కాదు. ఒక్కటే జబ్బు. తన మాట వినే మనిషి దొరికితే చాలు, ఒళ్లు మరిచిపోయేవాడు. ఎన్నాళ్లుగా నోరు కట్టుకుని కూర్చున్నాడో అదంతా ఒక్కసారే కక్కేసేవాడు. తప్పంతా అతనిదే అనడానికి మాత్రం నాకు నోరు రాదు. ఏళ్ల తరబడి ఎవరూ పలకరించని మనిషికి చిన్న పలకరింపు కూడా సారా లాగే తలకెక్కుతుంది.

అతను చిలకలూరిపేటలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మ్యూజియం గదిలో నిలబడి ఉన్న అస్థిపంజరాలన్నీ అతని చేతి పనే. రోడ్డు మీద చచ్చిపడిన నక్కనో, ముంగిసనో, అడవిపిల్లినో గోనెసంచిలో వేసుకు రావడం, కాలేజీ వెనక రేకుల షెడ్డులో డ్రమ్ములో ఉడకబెట్టడం, కండ గీకి ఎముకలు ఎండబెట్టడం, రాగితీగతో ఒక్కొక్కటీ కట్టి నిలబెట్టడం. ఆ షెడ్డు పక్క గదిలోనే కాపురం. కాపురమంటే ఏముంది, ఒక్కడే. వయసులో ఉన్నప్పుడు రెండు సంబంధాలు వచ్చాయి. రెండుసార్లూ పిల్ల తరఫువాళ్లు గది చూడ్డానికి వచ్చేసరికి డ్రమ్ములో ఏదో ఒకటి ఉడుకుతూనే ఉంది. మూడో సంబంధం రాలేదు. ఇప్పుడు యాభై దాటాయి. ఆదివారం చర్చిలో వెనక బెంచీ మీద అతనికి అటూ ఇటూ ఖాళీయే. వాసన వస్తుందని మొహం మీద ఎవరూ అనరు. పక్కన కూర్చోరు, అంతే.

ఈ విద్య అతనికి నేర్పింది సంజీవరావు గారనే లెక్చరరు. "పళ్లు చూస్తే అదేం తింటుందో తెలుస్తుంది జయపాల్. కాళ్లు చూస్తే ఆ తిండి ఎలా సంపాదించుకుంటుందో తెలుస్తుంది" అనేవారాయన. పిల్లి ముంజేతిలో రెండు ఎముకలూ ఒకదాని మీద ఒకటి ఎలా దొర్లుతాయో, కుక్కవి రెండూ ఎలా బిగుసుకుని ఉంటాయో జయపాల్ చేతిలో పెట్టి తిప్పి చూపించేవారు. ఒక లెక్చరరు అటెండర్ని పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పడం ఆ కాలేజీలో అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఆయన గుండెపోటుతో పోయి ఎనిమిదేళ్లయింది. ఈలోగా అందరూ కంప్యూటర్ల మీద పడ్డారు. రెండువేల రెండో సంవత్సరం వచ్చేసరికి జువాలజీ గ్రూపులో మిగిలింది నలుగురు. ఆ నలుగురూ పరీక్ష ముందు రోజు కనబడితే గొప్ప. జయపాల్ రోజూ తొమ్మిదింటికి మ్యూజియం తలుపు తీసేవాడు, నక్క పక్కటెముకల మీద దుమ్ము దులిపేవాడు, ఐదింటికి తలుపేసేవాడు. మధ్యలో నోట్లోంచి ఒక్క మాట బయటికి రాని రోజులు వారానికి మూడు నాలుగు ఉండేవి. ఒక్కోసారి ఏడుపు కూడా వచ్చేది. ఎవరితో చెప్పుకుంటాడు?

అలాంటి మనిషి దగ్గరికి ఫిబ్రవరి నెలాఖర్లో ఒక మధ్యాహ్నం కోటేష్ మోటారుసైకిలు వేసుకొచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, పేటకు పది మైళ్లలో ఉన్న కొత్తపాలెంలో మిరప రైతు.

"మేస్టారూ, బాగున్నారా? నన్ను గుర్తుపట్టారా? తొంభై రెండు బ్యాచ్. బొద్దింకను కొయ్యమంటే గాజుపలక పగలగొట్టింది నేనే."

అటెండర్ని పట్టుకుని మేస్టారన్నాడు. జయపాల్ మొహం చేటంతయింది.

"మా ఊళ్లో చిరుత దిగింది మేస్టారూ. కొండవీడు కొండ మీంచి వచ్చిందంటున్నారు. మా చేలో దిగిన గొర్రెల మందలో పది రోజుల్లో నాలుగు పిల్లల్ని చంపేసింది. అదీ పట్టపగలు. నిన్నట్నుంచి కూలోళ్లు ఒక్కరూ చేలోకి రామంటున్నారు. కాయ చెట్టునే పండి రాలిపోతోంది. అది చిరుతో కాదో మీరొచ్చి చూసి నాలుగు ముక్కలు చెబితే వింటారు. ఈ చుట్టుపక్కల మీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

ఆ చివరి మాట పూర్తయ్యేసరికి జయపాల్ చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు.

కొత్తపాలెంలో మిరపకాయ కోసే ముందు చేలోనే కొంత జాగా చదును చేసి, పేడ చిక్కగా కలిపి అలికిస్తారు. అలుకు ఆరాక దాని మీద కాయ ఎండబోస్తారు. కోటేష్ కల్లం ముందురోజు పొద్దున్నే అలికారు. తడి ఆరకముందే ఏదో జంతువు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోయింది. ఎండకి అలుకు గట్టిపడి అడుగులు అచ్చు పోసినట్టు నిలిచిపోయాయి. జయపాల్ వెళ్లేసరికి ఊరంతా అక్కడే ఉంది. అరవై డెబ్భై మంది ఉంటారు.

కూలి ముఠాకి మేస్త్రి ఎలీసమ్మ ఎదురొచ్చింది. "వందనాలన్నా. వచ్చావు, బతికించావు. నిన్న మేమే అలికాం. అన్నాలు తినొచ్చేసరికి ఆ తడికెల దొడ్లో పిల్ల చచ్చిపడుంది, ఇక్కడ ఈ అడుగులు! గోళ్లు చూడన్నా, ఎంతెంత ఉన్నాయో. షావుకార్ల పిల్లకాయల మెళ్లో పులిగోరు మేం చూళ్లేదా ఏంటి?"

ఊరందరి సాక్ష్యమూ అదే. బంగారం కట్టించి పిల్లల మెడలో వేసిన పులిగోరు ప్రతివాళ్లూ చూసిందే. పులిజాతికి గోళ్లుంటాయి, ఇక్కడ గోళ్లు పడ్డాయి, కాబట్టి చిరుత. తడి పేడలో కాలు జారి అడుగు వెడల్పయిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మంద యజమాని పిచ్చయ్య ఒక పక్కన కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. డెబ్భై ఏళ్లుంటాయి. పొదిలి వైపు మనిషి. పత్తి తీసేసిన చేలో మంద కట్టిస్తే నేలకు ఎరువు పడుతుందని ఏటా ఈ వైపు రైతులు పిలిపించుకుంటారు. పగలు తల్లి గొర్రెల్ని మేతకు తోలుకుపోతే పిల్లలు తడికెల దొడ్లో ఉంటాయి. చచ్చిన నాలుగింట్లో రెండు అతనివి, రెండు ఊళ్లోవాళ్లు మేపమని ఒప్పగించినవి.

"చిరుతేనండీ. తోక కూడా నా కళ్లతో చూశా," అన్నాడు పిచ్చయ్య, జయపాల్ అడక్కముందే.

ఆ గొంతులో వణుకుంది. మనిషి మొహం చూసి ఉంటే జయపాల్‌కి తెలిసేదే. కానీ అతను నేల మీదికి వంగిపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిపరక తుంచి ఒక్కో అడుగూ కొలిచాడు. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఇది చిరుత కాదు. చిరుతయితే గోళ్లు కనబడవు," అన్నాడు.

"అదేంటి మేస్టారూ, అడ్డంగా మాట్లాడతారు?" అన్నాడు కోటేష్.

అంతే. కాలవ గేటు ఎత్తినట్టయింది.

"పిల్లికీ, చిరుతకీ, పులికీ గోళ్లంటే కత్తులు. నడిచేటప్పుడు అరిగిపోకుండా లోపలికి దాచుకుంటాయి. పట్టుకునేటప్పుడే బయటికి తీస్తాయి. మీ ఇంట్లో పిల్లి గచ్చు మీద నడిస్తే చప్పుడొస్తుందా? రాదు. కుక్క నడిస్తే టకటకమంటుంది. ఎందుకూ? దాని గోళ్లు లోపలికి పోవు. అవి పట్టుకునే గోళ్లు కాదు, నేల తన్ని పరిగెత్తే గోళ్లు. ఏదీ, అందరూ చెయ్యి ముందుకు చాపండి. అరచెయ్యి పైకి తిప్పండి."

అరవై డెబ్భై చేతులు లేచాయి, తిరిగాయి. ముసలమ్మలు కూడా తిప్పారు. జయపాల్ ఆ చేతులన్నీ ఒకసారి కలయజూశాడు. తను చెప్పిన పని ఇంతమంది ఒక్కసారి చెయ్యడం అతని జన్మలో అదే మొదలు.

"పిల్లిజాతి కూడా ఇంచుమించు ఇలా తిప్పగలదు. అందుకే వేటను రెండు చేతులా కౌగిలించుకుని పట్టి గొంతు కొరుకుతుంది. కుక్క తిప్పలేదు. దాని ముంజేతి ఎముకలు రెండూ కలిపి బిగించేసినట్టుంటాయి. ఎంత దూరం పరిగెత్తినా కాలు మెలిక పడకుండా ఉండటానికి. ఇక పట్టుకోవడానికి దానికి నోరొక్కటే దిక్కు. వెనకనుంచి తరుముతుంది, తొడలు పీకుతుంది. చచ్చిన పిల్లకి గాయాలెక్కడున్నాయి?"

"తొడలకేనన్నా. గొంతు మీద గాటు కూడా లేదు," అంది ఎలీసమ్మ.

"చూశారా!"

జనం "అబ్బో" అన్నారు. దుమ్ములగొండేమోనని ఎవరో అడిగారు. దుమ్ములగొండికి ముందుకాళ్లు పెద్దవి, వెనకకాళ్లు చిన్నవి, అందుకే వీపు ఏటవాలుగా ఉంటుంది, ఇక్కడ నాలుగడుగులూ ఒకే కొలతలో ఉన్నాయి అన్నాడు జయపాల్. మరి నక్కో? నక్క అడుగు ఇందులో సగం కూడా ఉండదు. ఏది అడిగినా సమాధానం సిద్ధం. ఆడవాళ్ల మొహాల్లో భయం దిగిపోయింది. ఏదో వీధికుక్క అట, మన పిచ్చి గానీ చిరుతేంటి అని నవ్వుకున్నారు. "చాలు మేస్టారూ, నా నెత్తిన పాలు పోశారు," అని కోటేష్ చెయ్యి పట్టుకున్నాడు.

అక్కడితో ఆగాడా? ఆగితే ఈ కథే లేదు.

"ఉండవయ్యా, అసలు సంగతి ఇప్పుడుంది," అన్నాడు చెయ్యి విడిపించుకుని. "ఇటు రండి. మూడు కాళ్లు లోతుగా దిగాయి. కుడి ముందుకాలు మాత్రం పైపైన ఆనింది, బయటికి తిరిగింది, గోరు ఈడ్చిన గీత కూడా ఉంది చూడండి. అంటే ఆ కాలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. పాపం ఈ కుక్క పరిగెత్తలేదు. కాలు విరిగితే పరిగెత్తాలనే తహతహ పోతుందా? దొడ్లో పిల్లలు కళ్లెదుట గంతులేస్తుంటే ఆగలేకపోయింది. ఆకలికి చంపలేదు, అందుకే పెద్దగా తిన్నదీ లేదు. తనకు పరుగు లేదు కాబట్టి పారిపోలేనివాటిని తరిమింది."

ఇంత అందంగా సంజీవరావు గారు కూడా చెప్పి ఉండరనిపించింది అతనికి. తలెత్తి చూశాడు. ఒక్కరూ తనవైపు చూడటం లేదు. అందరి చూపూ కోటేష్ ట్రాక్టరు ట్రక్కు కిందికి పోయింది.

అక్కడ మొహం మీద తెల్లమచ్చ ఉన్న కుక్క ఒకటి పడుకుని ఉంది. గొర్రెపిల్లలకు కాపలా ఉండే కుక్క. జయపాల్ వచ్చినప్పట్నుంచీ అది అక్కడే ఉంది, కదల్లేదు. ఇప్పుడు ఇంత గోల ఒక్కసారిగా ఆగిపోయేసరికి దానికేదో అనుమానం వచ్చినట్టుంది. లేచింది. కుడి ముందుకాలు బయటికి విసురుతూ, కుంటుకుంటూ అందరి మధ్య నుంచీ నడిచి వెళ్లి పిచ్చయ్య మోకాలికి ఒళ్లు ఆనించి నిలబడింది.

జయపాల్ చేతిలో గడ్డిపరక ఇంకా అలాగే ఉంది.

"తోక చూశానన్నావే పెద్దాయనా?" అంది ఎలీసమ్మ చివరికి. కోపంగా కాదు, నమ్మలేనట్టు అడిగింది. కోపం మిగతావాళ్లు చూసుకున్నారు. నీ కుక్కను కాపాడుకోవడానికి మా కూలి పోగొడతావా, మా గొర్రెపిల్లలు చచ్చిపోతుంటే చిరుత అని కథలు చెబుతావా అని తలా ఒక మాటా అరిచారు. పిచ్చయ్య కుక్క తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

గొర్రెలవాళ్లకొక కట్టుబాటుంది. మందను కరిచిన కుక్కని కాపరి తన చేత్తోనే చంపెయ్యాలి. అలా చెయ్యని కాపరి మందను ఏ రైతూ చేలో దిగనివ్వడు. ఆ సంగతి పిచ్చయ్యకి ఇంకొకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

"రేపు తెల్లారి తీసేస్తానయ్యా. ఈ పూటకి ఉండనియ్యండి," అన్నాడు.

"ఎక్కడికన్నా పంపించేస్తే..." అని జయపాల్ నోరు తెరిచాడు. ఎవరూ వినలేదు. అప్పటిదాకా అతని మాట వినడానికి ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డవాళ్లు ఇప్పుడు గంపలెత్తుకుని చేలోకి పోతున్నారు. కోటేష్ అతన్ని బండి మీద పేటకు దింపాడు. దారంతా పొగుడుతూనే ఉన్నాడు. జయపాల్ వెనక కూర్చుని, కనబడినంతసేపూ మంద వైపే తిరిగి చూశాడు.

మర్నాడు ఇంకా తెల్లవారుతుండగా, మొహం కడుక్కుంటుంటే, తట్టింది. ఆ కుక్కని తనే తెచ్చుకుంటే? మందకి దూరంగా ఉంటే ఇక దాని వల్ల ఎవరికి బాధ? ఇంత చిన్న సంగతి నిన్న అందరి ముందూ ఎందుకు తోచలేదు? అతనికి బుద్ధి ఎప్పుడూ మాటల వెనకే వచ్చేది. గబగబా షెడ్డులోంచి తాడు తీసుకున్నాడు, టీ కొట్లో రెండు బన్నులు కొన్నాడు, మొదటి బస్సెక్కాడు.

బస్సులో ఆలోచన ఆగలేదు. గది గుమ్మం పక్కన గోనెపట్టా పరవాలి. డ్రమ్ము ఇటువైపు నుంచి తీసేయాలి, ఎముకల వాసనకి కుక్క ఊరుకోదు. సాయంత్రం తలుపేసి వచ్చాక దానితో మాట్లాడొచ్చు. పేరు పిచ్చయ్యనే అడగాలి. పేరు మారిస్తే పాపం దానికి అర్థం కాదు. ఇవన్నీ అనుకుంటుంటే యాభై దాటిన మనిషికి ఛాతీలో ఏదో ఎగిరెగిరి పడింది.

"కుక్కను బస్సులో ఎక్కనిస్తారా?" అని కండక్టర్ని అడిగాడు.

"అదెలా కుదురుద్దండీ?"

"అయితే నడిపించుకొస్తాను," అన్నాడు. మళ్లీ కాలు గుర్తొచ్చింది. "ఎత్తుకొస్తాను."

కండక్టరు వింతగా చూసి పోయాడు. నాలుగు వరసల రోడ్డు వేస్తున్నారని మట్టిబాటలోకి మళ్లించిన చోట లారీ ఒకటి అడ్డంగా దిగబడి, బస్సు ఆగిపోయింది. పావుగంట చూశాడు. ఇక కూర్చోలేక దిగి నడిచాడు, కాసేపు పరిగెత్తాడు, మళ్లీ నడిచాడు. ప్రభువా, ఒక్క గంట ఆపు అనుకున్నాడు. కొత్తపాలెం చేలు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఆడవాళ్లు వరసగా వంగి కాయ కోస్తున్నారు. ఎలీసమ్మ అతన్ని చూసి చెయ్యూపింది.

పిచ్చయ్య దొడ్డి పక్కన మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. తడికెకు పార ఆనించి ఉంది. దానికి పచ్చి మన్ను అంటుకుని ఉంది.

"కుక్కని నాతో తీసుకుపోతాను పెద్దాయనా. అందుకే వచ్చా," అన్నాడు జయపాల్ రొప్పుతూ.

పిచ్చయ్య అతని చేతిలో తాడు చూశాడు, బన్నుల పొట్లం చూశాడు.

"తెల్లారగానే అయిపోయిందండీ."

జయపాల్ తాడు కింద పెట్టి పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"రెండో పిల్ల చచ్చినప్పుడే నాకు తెలుసు," అన్నాడు పిచ్చయ్య పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. "మూతికి నెత్తురుంటే నేనే తుడిచా. ఇంకో నాలుగు రోజులయితే మందెత్తుకుని మా వైపు పోయేవాణ్ణి, అక్కడ కట్టేసుకునేవాణ్ణి. గొర్రెపిల్లలు పోయినోళ్లకు నా మందలోయి ఇచ్చేవాణ్ణి. నిన్న ఆ చివరి మాట ఒక్కటీ నా చెవిలో చెప్పుంటే సరిపోయేదండీ."

"అది నీ కుక్క అని నాకు తెలియదు. అది నడవగా నేను చూళ్లేదు."

"మీకు సైగలు కూడా చేశా. మీరు నేలకేసే చూస్తున్నారు."

అతని గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది జయపాల్‌కి. కర్రుచ్చుకుని కొట్టినా బాగుండును.

"లారీ గుద్దితే ఆ కాలు నేనే కట్టానండీ," అన్నాడు పిచ్చయ్య. "గుడ్డుసొన, మినప్పిండి పట్టేసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టా. నలభై రోజులు భుజాన ఏసుకుని తిరిగా మంద ఎనకాల. వంకరగా అతుక్కుందని మీరన్నారు నిజమే. అంతకంటే నాకు చేతకాలేదు."

"బాగా కట్టావు," అన్నాడు జయపాల్. "అలాంటి కాలితో కుక్క నడవడమే గొప్ప. చాలా బాగా కట్టావు."

దొడ్లో పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దూకుతున్నాయి. వాటికేం తెలుసు?

"తీసుకుపోయి ఎక్కడ ఉంచేవారు?"

"నా గదిలోనే. నేనొక్కణ్ణే ఉంటాను."

పిచ్చయ్య మొదటిసారి అతని మొహంలోకి పరీక్షగా చూశాడు. తర్వాత పొయ్యి మీది కుండ దించాడు. "పొద్దున్నే బయల్దేరుంటారు. ఏమన్నా తిన్నారా? ఆ పని చేసొచ్చి పొయ్యి ముట్టించా. చెయ్యి అలవాటు, ఇద్దరికీ వండేసింది. పారబొయ్యలేను, నేనొక్కణ్ణీ తినలేను." సత్తుపళ్లెంలో పప్పన్నం పెట్టి జయపాల్ ముందుకు జరిపాడు.

అది ఎవరి వాటానో జయపాల్‌కి తెలుసు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్దకి కళ్లు నిండిపోయాయి. ముక్కు కారుతుంటే భుజంతో తుడుచుకుని, పళ్లెం మీదికి వంగి అలాగే తింటున్నాడు.

పిచ్చయ్య కంగారుగా నీళ్లచెంబు అందించాడు.

"ఏంటండీ, కారమయిందా?" అన్నాడు. తర్వాత తనే గుర్తు తెచ్చుకున్నట్టు తల అడ్డంగా ఊపాడు. "కారమెక్కడుందీ దాంట్లో! దానికి పడదని మేం కారం మానేసి ఆరేళ్లయింది."